నడిగడ్డ గేమర్

"ఇయ్యాల ఒక్కదినం మగ్గం గుంటల కూసో, ఏం గాదు. రేపు పొద్దుగాల పసుపునీల్లు జల్లుకుంటం," అంది బాలమణి. చాటలో బియ్యం చెరుగుతూ అంది. ఎదురుగా నిలబడ్డ కోడలి ముఖమైనా చూడలేదు.

రేణుక చేతిలో చీపురు ఆగిపోయింది. పెళ్లయి ఈ ఇంట్లో కాలుపెట్టిన మర్నాడే, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే ఆ గుంట సంగతి చెప్పింది ఈ అత్తే. గద్వాలలో చాలా ఇళ్లలో ఆడవాళ్లు మగ్గం మీద కూర్చుని నేస్తారు. రేణుక పుట్టింట్లో ఆమె తల్లి నేసింది, పెళ్లికి ముందు రేణుకా నేసింది. కానీ మామ శాంతయ్య ఇంట్లో ఆడది గుంటలో కాలు పెట్టకూడదు. ఎందుకని అడిగితే తాతల కాలం నుంచీ అంతే అన్నారు. ఆడది నూలు కండెలు చుట్టొచ్చు, నూలుకు గంజి పెట్టొచ్చు, తెగిన పోగులు నడుము విరిగేలా వంగి అతకొచ్చు, మగ్గం చుట్టూ ఊడ్చి తుడవొచ్చు. గుంటలో కాళ్లు పెట్టుకుని నాడె అటూఇటూ విసిరి నేసేది మాత్రం మగవాడు. ఒకసారి మామకు జ్వరం వచ్చి చీర సగంలో ఆగిపోతే, జానెడు నేసి పెడదామని రేణుక గుంట అంచున కూర్చుంది. బాలమణి వచ్చి జబ్బ పట్టి లేపింది. "ఇంటికి అరిష్టం తెద్దామనుకుంటున్నవా?" అని ఆ రోజంతా దెప్పింది. ఇవాళ కొడుకు ఆట కోసం ఆ అరిష్టం సెలవు పెట్టి ఎటో పోయినట్టుంది.

ఆ కొడుకు జగదీశ్. షార్జాలో ఒక మాల్‌లో ఎలక్ట్రానిక్స్ కొట్టు కౌంటర్ దగ్గర పని. పేరు తెచ్చింది మాత్రం ఆ కొట్టు కాదు, అతని యూట్యూబ్ చానల్. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేలలో పుట్టాడు కాబట్టి 'నడిగడ్డ గేమర్' అని పెట్టుకున్నాడు. కొత్త గేమ్ వచ్చినా, టీవీకి తగిలించి ఆడే కొత్త కన్సోల్ పెట్టె వచ్చినా విడుదల రోజునే పెట్టె విప్పి, పాలమూరు మాటల్లో కబుర్లు చెబుతూ ఆడి చూపిస్తాడు. హైదరాబాద్ కాలేజీ పిల్లల దగ్గర్నుంచి మస్కట్‌లో క్రేన్ తోలే పెబ్బేరు వాళ్ల దాకా చూస్తారు. ఇప్పుడు కొత్త కన్సోల్ ఒకటి వస్తోంది. దాని తెలుగు లాంచ్ లైవ్‌కు కంపెనీవాళ్లు నడిగడ్డ గేమర్‌నే ఎంచుకున్నారు. బజారులోకి రాకముందే పెట్టె కొరియర్‌లో గద్వాలకు వచ్చింది. శాంతయ్య దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గూట్లో దేవుడి పటాల పక్కన పెట్టాడు. "వెనకాల మగ్గం కనపడాలె అన్నా, మీ ప్రత్యేకత అదే," అని కంపెనీ తరపున మాట్లాడే శ్రవణ్ కుమార్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు. అందుకే జగదీశ్ సెలవు మీద ఊరికొచ్చాడు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి లైవ్.

ఇంత చెప్పి అసలు ముచ్చట దాచిపెడితే బాగుండదు. జగదీశ్‌కు ఆడటం రాదు.

మాట్లాడటం వచ్చు. మైకు ముందు కూర్చుంటే మాటలు ఊటలా వస్తాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ కంట్రోలర్ చేతికిస్తే తెరమీద మనిషిని తీసుకెళ్లి గోడకు గుద్దుతాడు, లేకపోతే నీళ్లలో తోస్తాడు. ఇన్నేళ్లుగా ఆడుతున్నది రేణుక. ఆమె ఆడి రికార్డు చేస్తే అతను దానిమీద మాటలు చెబుతాడు. వీడియోలకు ఆ ఏర్పాటు సరిపోయింది. లైవ్‌కు సరిపోదు, అందరూ చూస్తుండగా ఆడాలి. అందుకే గుంట గుర్తొచ్చింది. మగ్గం ముందు నల్లటి పెద్ద కుర్చీలో జగదీశ్ కూర్చుంటాడు. అతని చేతిలో ఒక కంట్రోలర్, దానికీ కన్సోల్‌కూ ఏ సంబంధమూ ఉండదు. వెనక మగ్గం చట్రానికి రెండు గద్వాల చీరలు అందంగా వేలాడదీస్తారు. వాటి వెనక గుంటలో కాళ్లు పెట్టుకుని రేణుక కూర్చుంటుంది. అసలు కంట్రోలర్ ఆమె చేతిలో. రెండు చీరల మధ్య సందులోంచి ఎదుటి గోడకున్న టీవీ కనిపిస్తుంది. ఈ ఉపాయం తట్టినప్పుడు జగదీశ్ తన తెలివికి తానే మురిసిపోయి తొడ చరుచుకున్నాడు.

రేణుక చీపురు మూలకు పెట్టి, బకెట్ తీసుకుని మగ్గం గది తుడవసాగింది. తుడుస్తుంటే, జగదీశ్‌తో షార్జాలో ఉన్నప్పుడు తాను చూసిన మొదటి లాంచ్ గుర్తొచ్చింది. మాల్ తలుపు మీద తలకు ఒకటే పెట్టె ఇస్తామని రాసిపెట్టారు. జగదీశ్‌కు రెండు కావాలి, ఒకటి కొత్తగా పెట్టబోయే చానల్‌కు, ఒకటి ఎక్కువకు అమ్ముకోవడానికి. అందుకని ఏడో నెల కడుపుతో ఉన్న పెళ్లాన్ని తీసుకుపోయి వరసలో నిలబెట్టాడు. ఆ వరసలో రేణుక ఒక తల, అంతే. ముందర మలయాళీ నర్సులు, వెనకాల పాకిస్తానీ కుర్రాళ్లు, వాళ్ల వెనక కొడుకును భుజానెక్కించుకున్న ఈజిప్టు ఆయన. అందరి కళ్లలో ఒకటే వెలుగు. ఏ దేశం వాళ్లయినా పెట్టె కోసం ఒకేలా మెడలు సాచి చూస్తున్నారు. రేణుకకు అది నచ్చింది. పరాయి దేశంలో అద్దెగది నాలుగు గోడల మధ్య నెలల తరబడి ఉన్న మనిషికి అంతమందితో కలిసి ఒకదానికోసం ఎదురుచూడటమే పండగలా అనిపించింది. కాళ్లు మాత్రం వాచిపోయాయి. కొట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ పిల్ల చూసి ఒక స్టూలు తెచ్చి వేసింది. జగదీశ్ నవ్వి, అక్కర్లేదన్నాడు. "మా దిక్కు ఆడోల్లకు అలవాటే, దినమంత నిలవడి నాట్లేస్తరు," అని పక్కనున్న తెలుగాయనతో అన్నాడు. రేణుక పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడు నాటు వెయ్యలేదు. మడిలో దిగిన ఆడవాళ్లకు మాత్రం కాళ్లు వాయవా?

ఆ ఫిలిప్పీన్స్ పిల్ల ఊరుకోలేదు. లోపల ఆడి చూసుకోమని బల్లమీద పెట్టిన కన్సోల్ ముందు ఒక సోఫా ఉంది. రేణుకను చెయ్యి పట్టి తీసుకుపోయి అందులో కూర్చోబెట్టింది, ఊరికే కూర్చుంటే మేనేజర్ తిడతాడని చేతిలో కంట్రోలర్ పెట్టింది. రేణుకకు ఏ మీట దేనికో తెలియదు. కానీ కళ్లు ఒకచోట, కుడిచెయ్యి ఒక పని, ఎడమచెయ్యి మరో పని, ఇవన్నీ ఒక్కసారిగా నడిపించడం మగ్గం మీద పెరిగిన పిల్లకు కొత్తా? కాసేపు తడబడింది. తర్వాత వేళ్లే దారి కనుక్కున్నాయి. వెనక నిలబడ్డ కుర్రాళ్ల గోల తగ్గింది. ఈజిప్టు ఆయన భుజాన ఉన్న కొడుకును కిందికి దించి, ఆమె చేతులు చూడమని వేలుపెట్టి చూపించాడు. పుట్టింటి గడప దాటాక రేణుక చేతుల వైపు ఎవరైనా మెచ్చుకోలుగా చూడటం అదే మొదలు. అంతలో జగదీశ్ వచ్చాడు. "ఇగ సాలు, పా. అందరు నిన్నే చూస్తుండ్రు," అన్నాడు.

పాప పుట్టాక, అమ్ముడుపోకుండా మిగిలిన ఆ రెండో పెట్టె విప్పి రేణుక ఇంట్లో ఆడటం మొదలుపెట్టింది. పాలిచ్చి పడుకోబెట్టి, బట్టలుతికి, వంటచేసి, ఆ మిగిలిన కాసేపు. జగదీశ్ ఓ రోజు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "నువ్వు ఆడు, నేను మాట్లాడుత. మనది ఒక్క చానలే గదా," అన్నాడు. 'మనది' అన్నాడని రేణుక పొంగిపోయింది. ఆ మాటకు ఎంత తేలిగ్గా పడిపోయిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. చేతులు చూపించే వీడియో ఒకటి చెయ్యమని జనం అడిగితే, గాజులు తీయించి, తన నల్ల గ్లౌజులు ఆమె చేతులకు తొడిగి, తన ఫుల్‌చేతుల చొక్కా వేయించాడు. "గ్లౌజులేసుకొని గూడ ఎట్ల ఆడుతున్నవ్ అన్నా, నువ్వు మనిషివేనా?" అని కింద వందలమంది రాశారు. జగదీశ్ అవన్నీ పడీపడీ నవ్వుతూ ఆమెకు చదివి వినిపించాడు. ఆమెకూ నవ్వొస్తుందని అతని నమ్మకం.

తర్వాత అక్కడి లాంచ్‌లకు పిలుపులు రాసాగాయి. పిలుపు ఒక్కరికే. మెడలో బిళ్ల వేసుకుని అతను లోపలికి పోయేవాడు. రేణుక పాపనూ పాల సంచినీ పట్టుకుని బయట బల్ల దగ్గర కూర్చునేది. అద్దాల్లోంచి కనిపించేది, ఎవరో అతనికి చెయ్యి కలుపుతున్నారు, ఎవరో భుజం తడుతున్నారు, తాను మూడు వారాలు మెడ లాగుతున్నా వదలకుండా గెలిచిన ఆట గురించి అతను చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఒకనాడు అలా కూర్చుని పాపకు అన్నం తినిపిస్తూ ఏడ్చింది. అది చూసి తిరుగు బస్సులో జగదీశ్ పాప తలమీద చెయ్యిపెట్టి మాటిచ్చాడు. "పెద్ద లాంచ్ ఒకటి రానీ. ఆ దినం అందరి ముందర చెప్త, ఆడేది నా భార్య రేణుక అని. ఒట్టు." ఆ ఒక్క మాట పట్టుకుని రేణుక ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. బాలమణి మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు "కోడలుండంగ పనిమనిషెందుకు?" అని మామ ఫోన్ చేస్తే, పాపను తీసుకుని గద్వాలకు వచ్చేసింది. తెలకపల్లి ఆయన ఒకడు సెలవుకు వస్తుంటే అతని పెట్టెలో పెట్టి జగదీశ్ ఆ పాత కన్సోల్ పంపాడు. ఇక్కడా అదే పని. అత్తకు స్నానం, కండెలు, వంట, పాప బడి, నడుమ నడుమ ఆట. "మొగుడు ఎడారిల సస్తుండు, ఈమె పొద్దంత టీవీ ముందర కూసోని ఆడుకుంటది," అని బాలమణి వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పేది. ఆ ఆడుకోవడమే తన కొడుక్కు పేరు తెచ్చిందని ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాడు చెప్పలేదు.

ఇవాళే ఆ పెద్ద లాంచ్. అందుకే రేణుక గది తుడవడం ముగించి, ఇస్త్రీ చొక్కా పట్టుకుని జగదీశ్ దగ్గరికి వెళ్లింది. అతను లైట్లు సరిచూసుకుంటున్నాడు. 

"ఇయ్యాల చెప్తరు గదా?" అంది.

"ఏం చెప్పాలె?"

మర్చిపోయాడు. అబద్ధమాడినా ఇంత నొప్పి ఉండేది కాదు. రేణుకే బస్సు, పాప, ఒట్టు అన్నీ గుర్తుచేసింది. అడుక్కున్నట్టు అనిపించింది.

"అరె, అదా! జర సోయి ఉండి మాట్లాడు, రేణుకా. కంపెనోల్లు నా మొఖం చూసి పిలిచిండ్రు. ఆడది ఆడుతది అంటే ఎవడు నమ్ముతడు? నవ్వుతరు. ఇయ్యాల మంచిగైతే ఏడాదంత వాల్ల లాంచ్‌లన్నీ నాకే ఇస్తరు. ఇంగ ఒక్క ఏడాది ఊకో, అప్పుడు చూద్దాం."

"అంటే ఏడాదంత నేను గుంటలనే కూసోవాల్నా?"

అక్కడే కూర్చుని బీడీ ముట్టించుకుంటున్న శాంతయ్య అందుకున్నాడు. "పిల్లా, కండెలు చుట్టినోల్ల పేరు చీర మీద రాస్తరా యాడన్న? ఇంటి పేరు నిలవడితె సాలు గదా." పెద్దరికంగా, మంచిగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. ఈ ఇంట్లో ఎవరూ కొట్టరు, తిట్లు కూడా తక్కువే. ఇలా బుజ్జగించి బుజ్జగించి మనిషిని లేకుండా చేస్తారు. రేణుక చొక్కా కుర్చీ మీద పెట్టి వంటింట్లోకి పోయింది. పెబ్బేరు నుంచి ఆడబిడ్డ ఉమ, ఆమె భర్త నరేందర్ వస్తున్నారు. వాళ్లకు మధ్యాహ్నానికి మాంసం వండాలి. కారం నూరుతుంటే రోలు బద్దలయ్యేలా నూరింది. కోపం అంతా చేతుల్లోకి వచ్చి కూర్చుంది, నోట్లోకి మాత్రం రావడం లేదు. వస్తే ఏమనాలో కూడా తెలియదు. నా పేరు చెప్పమని ఇంకెన్నిసార్లు అడగాలి, ఎవరి కాళ్లు పట్టుకుని అడగాలి అని లోపల తిట్టుకుంటూనే వండింది, వడ్డించింది. ఉమ ఒక్కతే వచ్చింది, నరేందర్ సంతలో ఎద్దుల బేరం తెగక సాయంత్రానికి వస్తానన్నాడట.

నాలుగు కావస్తుండగా రేణుక గుంటలో దిగింది. దిగేటప్పుడు బాలమణి గోడవైపు ముఖం తిప్పుకుంది. లోపల నేల చల్లగా తగిలింది. ఇన్నేళ్లు తుడిచిన చోటే, కూర్చుంటే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. పాదాలు తమంతట తామే తొక్కుడు కర్రలు వెతుక్కున్నాయి. చీరల వెనక ఉక్కగా ఉంది. సందులోంచి టీవీ, దాని పక్కన కెమెరా, ఇటువైపు జగదీశ్ నున్నగా దువ్విన తల వెనకభాగం కనిపిస్తున్నాయి. "ఏమన్న గానీ లేవొద్దు. దగ్గొద్దు," అని అతను వెనక్కి తిరగకుండానే హెచ్చరించి లైవ్ నొక్కాడు.

"నమస్తే నడిగడ్డా!" అని మొదలుపెట్టాడు. రాత్రే విప్పి మళ్లీ అతికించిన పెట్టెను కొత్తగా విప్పినట్టు విప్పాడు, బరువు చెప్పాడు, అటూఇటూ తిప్పి చూపించాడు. హైదరాబాద్ నుంచి శ్రవణ్ కుమార్ తెర మూలన చిన్న గడిలో నవ్వుతూ కలిశాడు. కొత్త కన్సోల్‌తోపాటు వస్తున్న ఆట పేరు ఐరన్ గేట్. ముసుగేసుకున్న సైనికుడొకడు ఒక కోటలో ఒక్కో తలుపే దాటుకుంటూ పోవాలి. చివరి తలుపు దగ్గర కాపలా ఉన్న రాక్షసుణ్ణి ఇంతవరకు ఈ దేశంలో ఎవరూ దాటలేదని శ్రవణ్ కుమార్ ఊరించాడు.

రేణుక ఆడటం మొదలుపెట్టింది. కొత్త కంట్రోలర్ వేళ్లకింద మెత్తగా, చురుగ్గా ఉంది. మొదటి తలుపు దగ్గర జాగ్రత్తగా ఉంది, రెండో దాని దగ్గరికి చెయ్యి కుదిరింది, అక్కడినుంచి పరుగే. సైనికుడు దూకుతున్నాడు, ఒంగుతున్నాడు, కత్తి వేటు తప్పించుకుని వెనక నుంచి కొడుతున్నాడు. ముందర జగదీశ్ ఉత్త కంట్రోలర్‌ను తెగ నలిపేస్తున్నాడు. "సూడుండ్రి, ఇప్పుడు ఎడమకు దుంకుత," అనేసరికి సైనికుడు కుడికి దూకి ఉండేవాడు. "ఎడమకనుకొని కుడికి దుంకిన, వానికి సమజ్ గావద్దని!" అని సర్దుకునేవాడు. జనం విరగబడి మెచ్చుకుంటున్నారు. ఇంత ఉడుకులోనూ రేణుకకు ఆ ఆట సంతోషంగానే ఉంది. అదే ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. తన సంతోషం కూడా దొంగసరుకులా చీరల వెనక దాచుకుని పడాల్సి వస్తోంది.

చివరి తలుపు ముందు ఆట కాసేపు కుదుటపడింది. శ్రవణ్ కుమార్ కబుర్లలోకి దిగాడు. "అన్నా, మస్తు ఆడుతున్నవ్. మీ ఇంట్ల ఇంకెవరన్న ఆడుతరా?"

రేణుక ఊపిరి బిగపట్టింది. అడగకుండానే అవకాశం తలుపు తట్టింది. 'నా భార్య' అన్న రెండు మాటలు చాలు. అవును, ఆమె కూడా ఆడుతుంది అన్నా చాలు. ఆ 'కూడా'తోనైనా సరిపెట్టుకునేది, అంతకు దిగజారిపోయి ఉంది ఆ క్షణాన.

జగదీశ్ పగలబడి నవ్వాడు. "మా ఇంట్లనా? మా ఆమెకు టీవీ రిమోట్ గూడ సక్కగ పట్టనీకి రాదన్నా! వంట మాత్రం మంచిగ చేస్తది."

శ్రవణ్ కుమార్ నవ్వాడు. తెరమీద చూసేవాళ్లు పంపే నవ్వే బొమ్మలు వరసగా పైకి లేచాయి. రేణుక చెవులు గుయ్యిమన్నాయి. ముఖం మీద ఉమ్మేసినట్టయింది. అన్ని వేలమంది ముందు, తాను ఆడుతుండగా, తన చేతులు అతని పరువు మోస్తుండగా, తనకు పట్టుకోవడమే రాదన్నాడు. అతని నెత్తిమీద కంట్రోలర్ విసిరికొట్టాలనిపించింది. అంతలో తలుపు తెరుచుకుని రాక్షసుడు మీదికొచ్చాడు. వేళ్లు అలవాటు కొద్దీ కదిలాయి. మొదటి దెబ్బ తప్పించింది. రెండోది కొట్టింది. వాడి బలం సగానికి పడిపోయింది. "ఇగ అయిపోయిండు బిడ్డ!" అని జగదీశ్ అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి బాలమణి కేక వినిపించింది. "రేణుకా! అల్లుడొచ్చిండు. జల్ది చాయ్ పెట్టు!"

ఆ ఇంట్లో అల్లుడు గడపలో కాలుపెట్టగానే కోడలు చాయ్ ఇవ్వాలి. ఆడబిడ్డ ఇక్కడ చుట్టం, ఆమె పొయ్యి ముట్టదు. అత్త మోకాలు అత్తది. కోడలు ఎక్కడున్నా, ఏం చేస్తున్నా లేచి రావాల్సిందే. ఇప్పుడు కోడలు కూర్చున్నది పనిమీద అని బాలమణికి తట్టనైనా తట్టలేదు, ఆడుకుంటోంది కదా. ముందర జగదీశ్ ఎడమచెయ్యి వీపు వెనక్కి వచ్చి, కూర్చో కూర్చో అని గాలిలో నొక్కింది. తల్లి లేవమంటోంది, కొడుకు కూర్చోమంటున్నాడు. ఇన్నేళ్లుగా రేణుక రెండూ ఒకేసారి చేస్తూ వచ్చింది. ఒంటిచేత్తో పాపను ఎత్తుకుని, మరో చేత్తో పప్పు కలుపుతూ, కళ్లతో రాత్రి ఆడబోయే ఆట దారి గుర్తుచేసుకుంటూ. ఇవాళ రెండింట్లో ఒకటే వింటే ఏమవుతుంది? ఏమవుతుందో చూద్దామనిపించింది.

రేణుక లేచి నిలబడింది.

రెండు చీరల మధ్యనుంచి, నల్ల కుర్చీ వెనకాల, చేతిలో కంట్రోలర్‌తో, చెమటకు నుదుటి బొట్టు కరిగిన ఒక ఆడమనిషి పైకి లేవడం లైవ్ చూస్తున్నవాళ్లందరికీ కనిపించింది. ఆట ఆపే మీట మీద ఆమె వేలు పడి, తెరమీద సైనికుడు రాక్షసుడి ఎదుట కట్టెలా నిలబడిపోయాడు. జగదీశ్ బొటనవేళ్లు మాత్రం ఇంకా చకచకా ఆడుతూనే ఉన్నాయి.

"అన్నా," అన్నాడు శ్రవణ్ కుమార్, "సైనికుడు ఆగిపోయిండేంది? నీ ఎనకల ఎవరో..."

జగదీశ్ తల తిప్పాడు. మైకు నడుస్తోందన్న సంగతి మర్చిపోయాడు. "కూసోయే! ఎందుకు లేచినవ్? నువ్వు లేస్తె ఎవరాడుతరు?"

ఆ మాట అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. తెరమీద రాసేవాళ్ల అక్షరాలు ఉప్పెనలా పైకి పోతున్నాయి. రేణుక గుంటలోంచి బయటికొచ్చి, మగ్గం చుట్టూ నడిచి కుర్చీ ముందుకు వచ్చింది. జగదీశ్ చేతిలోని ఉత్త కంట్రోలర్ తీసుకుని, తన చేతిలోది అతని చేతిలో పెట్టింది.

"ఇది నడుస్తది. మీది ఉత్తది," అంది. "ఆడుండ్రి. నేను చూస్త."

ఆడక ఏం చేస్తాడు? అంతమంది చూస్తున్నారు. పళ్లు కనపడేలా ఒక నవ్వు ముఖానికి తగిలించుకుని మీట నొక్కాడు. సైనికుడు గిర్రున వెనక్కి తిరిగి, పరుగెత్తుకుపోయి, గోడకు గుద్దుకున్నాడు. రాక్షసుడు తాపీగా వచ్చి ఒక్క వేటు వేశాడు. మళ్లీ మొదలు. ఈసారి సైనికుడు రాక్షసుడి దాకా కూడా పోలేదు, కందకంలో పడ్డాడు. నవ్వే బొమ్మలు మళ్లీ లేచాయి. గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డ నరేందర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కెమెరా వెనక కూర్చున్న శాంతయ్య చేతిలో బీడీ ఆరిపోయింది. జగదీశ్ మూడోసారి మొదలుపెట్టలేదు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. రేణుకకు జాలి వేస్తుందేమో అని తనకే అనుమానం వచ్చి లోపలికి చూసుకుంది. వెయ్యలేదు. అద్దాల అవతల కూర్చుని పాపకు అన్నం తినిపించిన సాయంత్రాలన్నీ ఆ చోటంతా నిండిపోయి ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు శ్రవణ్ కుమార్. అతని గొంతులో నవ్వు పోయింది. "ఇంతదనుక ఆడింది మీరేనా?"

"ఇంతదనుక గాదు. మొదటి వీడియో కాన్నుంచి నేనే. గ్లౌజులేసుకున్న చేతులు గూడ నావే."

"మీ పేరు?"

"రేణుక."

తన పేరు తన నోట విని ఆమెకే కొత్తగా అనిపించింది. ఇంత చిన్న మాట. ఇంత చిన్న మాట కోసం ఎన్నేళ్లు ఒకడి నోటివైపు చూస్తూ కూర్చుంది. చెప్పడానికి తనకూ నోరుందని ఎందుకు తట్టలేదు?

"ఆ ఆఖరి తలుపు మీరు దాటుతరా, రేణుకగారూ? చూస్తమని అందరు అడుగుతుండ్రు."

రేణుక చెయ్యి చాపింది. జగదీశ్ ముందు కదల్లేదు. తర్వాత కంట్రోలర్ ఇచ్చాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉండటం చూసి, మెల్లగా లేచి పక్కకు తప్పుకున్నాడు. రేణుక కుర్చీలో కూర్చుని, కొంగు నడుముకు దోపి, కెమెరా వైపు ఒక్కసారి సూటిగా చూసి ఆట మొదలుపెట్టింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

మోకాలు పట్టుకుని కుంటుకుంటూ బాలమణి గుమ్మంలోకి వచ్చింది. కుర్చీలో కోడలు, గోడవారన చేతులు వేలాడేసుకుని నిలబడ్డ కొడుకు. ఆమెకు ఏదీ అర్థం కాలేదు. "అల్లుడొచ్చి ఎంతసేపాయె! చాయ్ పెట్టుమంటి గదనే, ఏంజేస్తున్నవ్ ఈడ?"

రేణుక తెరమీంచి కళ్లు తిప్పలేదు.

"నేను పనిల ఉన్న అత్తమ్మా. మీ కొడుకు ఖాళీగనే ఉన్నడు, చాయ్ ఆయన పెడతడు."